లెసన్ ప్లాన్‌లో చివరి కాలమ్

ప్రభుత్వ బడుల్లో టీచర్లు రాసే పాఠ్య పథకంలో కాలమ్స్ చాలా ఉంటాయి. పాఠం పేరు, పీరియడ్ల సంఖ్య, సాధించాల్సిన సామర్థ్యాలు, వాడే సామగ్రి, చేయించే కృత్యాలు, మూల్యాంకనం. అన్నిటికంటే చివర, కాగితం అంచుకు ఆనుకుని 'ఉపాధ్యాయుని ప్రతిస్పందనలు' అని ఒకటి ఉంటుంది. విద్యాహక్కు చట్టం వచ్చి, ఏడాది పొడవునా పిల్లల ప్రగతిని చూసే నిరంతర సమగ్ర మూల్యాంకనం మొదలయ్యాక ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ నమూనా బడులకు చేరింది. పాఠం అయ్యాక టీచర్ కాసేపు కూర్చుని ఏం జరిగిందో, ఎవరికి రాలేదో, ఎందుకు రాలేదో, మళ్ళీ చెప్పాల్సి వస్తే ఏం మార్చాలో రాసుకోవడానికి పెట్టిన చోటు అది.

చాలా రికార్డుల్లో అక్కడ కనిపించేది రెండు వాక్యాలే. "పాఠం బాగా జరిగింది. విద్యార్థులు చురుగ్గా పాల్గొన్నారు." జూన్‌లో అదే, జనవరిలో అదే. గణితానికి అదే, పరిసరాల విజ్ఞానానికీ అదే. తనిఖీ ఉందని తెలిసిన రాత్రి, నెల రోజుల కాలమ్స్ ఒకే పెన్నుతో నిండిపోవడం కూడా ఉంది. దీన్ని బద్ధకం అనుకుంటే పొరపాటు. ఆ కాలమ్ చదివేది హెడ్మాస్టర్, మండల విద్యాధికారి (ఎంఈఓ), తనిఖీకి వచ్చే బృందం. "తీసివేత సరిగ్గా చెప్పలేకపోయాను, పన్నెండు మందిలో ఏడుగురికి రాలేదు" అని నిజం రాస్తే ఆ వాక్యం రేపు మెమోకి ఆధారం అవుతుందేమోనని ఏ టీచరైనా భయపడతారు. తనను తాను ప్రశ్నించుకోవడానికి ఇచ్చిన చోటు పై అధికారికి సంజాయిషీ చెప్పుకునే చోటు అయిపోయింది. రకరకాల పిల్లలు ఒకే గదిలో కూర్చునే బడిలో టీచర్ కొత్తగా నేర్చుకోవడం ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే.

టీచర్ తన పాఠాన్ని తాను వెనక్కి తిరిగి చూసుకోవడం, అంటే రిఫ్లెక్షన్, అనే ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ 1910లోనే దీని గురించి రాశారు. ఒక నమ్మకాన్ని దాని ఆధారాలతో, దానివల్ల వచ్చే ఫలితాలతో సహా ఓపికగా పరీక్షించి చూడటమే అసలైన ఆలోచన అన్నది ఆయన వాదన. 1983లో మరో అమెరికా పండితుడు డోనాల్డ్ షాన్ దాన్ని వృత్తి పనికి అన్వయించి రెండుగా విడదీశారు. పని నడుస్తుండగానే సర్దుకోవడం ఒకటి, పని అయ్యాక తిరిగి చూసుకోవడం ఇంకొకటి. మొదటిది మన టీచర్లకు బాగా తెలుసు. పిల్లల మొహాలు చూసి ఉదాహరణ మార్చేస్తారు. నల్లబల్ల మీద రాసింది తుడిచేసి చింతపిక్కలు తెప్పిస్తారు. రెండోదే జరగడం లేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక టీచర్ కనిపెట్టిన కిటుకులన్నీ రిటైర్మెంట్ రోజు శాలువాతో పాటే ఇంటికి వెళ్లిపోతున్నాయి.

ఇది ఎంత నష్టమో తెలియాలంటే ఆ గదిలో ఎవరెవరు ఉంటారో చూడాలి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. తరగతులు మాత్రం ఐదు. అంటే చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించినా ఒక్కో టీచర్ రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకోవాల్సిందే. ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే ఐదు తరగతులూ ఒకరికే. ఆ పిల్లల్లో ఒకరి ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, ఒకరి ఇంట్లో ఉర్దూ. ఒక పిల్ల మిరపకోతలకు వెళ్లిన తల్లిదండ్రులతో పోయి రెండు నెలల తర్వాత తిరిగొస్తుంది. ఒక పిల్లవాడికి కుడి చెవి సరిగ్గా వినపడదు, ఆ సంగతి ఇంట్లోవాళ్లకీ తెలియదు. 'వైవిధ్యం' అని శిక్షణ మాడ్యూల్‌లో రాసే మాట బడిలో ఇలా ఉంటుంది. పాఠ్యపుస్తకానికి వీళ్ళందరూ ఒకటే. ఎవరు ఎలాంటివారో తెలుసుకునే వీలున్నది టీచర్‌కి మాత్రమే.

తెలుసుకోవడానికి మొట్టమొదటి దారి పిల్లల నోట్‌బుక్కే. ఇంకా చెప్పాలంటే అందులోని తప్పులు.

రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో ఒక లెక్క ఇచ్చారనుకుందాం. 52లోంచి 27 తీసేయాలి. ఒక పిల్ల 35 అని వేసింది. టీచర్ ఎర్రపెన్నుతో ఇంటూ కొట్టి పక్కన 25 అని రాసి పుస్తకం ఇచ్చేశారు. పిల్లకి తెలిసింది తన జవాబు తప్పని మాత్రమే. టీచర్‌కి తెలిసింది కూడా అంతే. ఒక్క నిమిషం ఆగి చూస్తే ఆ 35 గాల్లోంచి ఊడిపడిన అంకె కాదని తెలుస్తుంది. ఒకట్ల స్థానంలో 2, 7 ఉన్నాయి. ఏడులోంచి రెండు పోతే ఐదు. పదుల స్థానంలో ఐదులోంచి రెండు పోతే మూడు. పిల్ల ఒక నియమం పెట్టుకుని, దాన్ని పక్కాగా పాటించింది. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలన్నదే ఆ నియమం. మరో లెక్క ఇచ్చి చూడండి. 40లోంచి 18 తీసేయమంటే 38 వేస్తుంది. మళ్ళీ అదే నియమం.

అది పిల్లకి ఎక్కడ దొరికింది? అంతకు ముందు ఏడాది తీసివేత మొదలుపెట్టినప్పుడు, "ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి" అని టీచరే పదిసార్లు చెప్పి ఉంటారు. ఒకంకె లెక్కలప్పుడు ఆ మాట సరిపోయింది. రెండంకెలు వచ్చేసరికి అదే మాట అడ్డం తిరిగింది. పిల్ల శ్రద్ధగా విన్నది కాబట్టే ఈ తప్పు చేసింది. ఇది గమనించిన టీచర్ "మళ్ళీ చెయ్యి" అనరు. ఐదు పదులు, రెండు ఒకట్లు పుల్లల కట్టలుగా ముందు పెట్టి ఏడు పుల్లలు తీయమంటారు. ఒక కట్ట విప్పక తప్పదని పిల్ల చేతికే తెలుస్తుంది. అంతకంటే పెద్ద మార్పు వచ్చే ఏడాది జరుగుతుంది. కింది తరగతి పిల్లలకు తీసివేత మొదలుపెట్టేటప్పుడు ఆ టీచర్ "ఎప్పుడూ" అనే మాట వాడరు. రిఫ్లెక్షన్ అనే పెద్ద మాటకు అసలు అర్థం ఇదే. పిల్ల తప్పులో తన మాట వినపడటం, ఆ మాట మార్చుకోవడం.

సంఖ్యలు రాయడంలో ఇలాంటిదే ఇంకోటి ప్రతి బడిలో ఉంటుంది. "నూట ఐదు" అని డిక్టేషన్ చెబితే సగం మంది 1005 అని రాస్తారు. చెవికి విన్నది విన్నట్టు రాశారు. నూరు అంటే 100, దాని పక్కన ఐదు. "మూడు వందల ఇరవై ఐదు" అంటే 30025. పిల్లలకు మాట తెలుసు, అంకెలూ తెలుసు. స్థానం అనేది మాత్రం మాటలో వినపడదు కదా. ఆ సంగతి పట్టుకుంటే టీచర్ వందోసారి ఎక్కాలు వల్లె వేయించడం మానేసి, వంద కార్డు మీద ఐదు కార్డుని సున్నా కప్పేలా పెట్టి చూపిస్తారు. పట్టుకోకపోతే "వీళ్ళకి నంబర్లే రావు" అని ప్రోగ్రెస్ రిపోర్టులో రాస్తారు.

భాష దగ్గర ఈ చూపు ఇంకా అవసరం. కూరగాయల బొమ్మలు చూపించి పేర్లు రాయమంటే రాయలసీమ పిల్లవాడు ఉల్లిపాయ బొమ్మ కింద 'ఎర్రగడ్డ' అని రాస్తాడు. తెలంగాణ పిల్ల 'ఉల్లిగడ్డ' అంటుంది. పుస్తకంలో ఉన్నది 'ఉల్లిపాయ'. మూడూ తెలుగే, మూడూ సరైనవే. "నాయన ఊరికి పోయిండు" అని రాసిన పిల్లకు క్రియ కింద ఎర్రగీత పడుతుంది. ఆ గీత పిల్లకు తప్పు దిద్దడంలా ఉండదు. మీ అమ్మ మాట, మీ ఊరి మాట బడిలో చెల్లదని చెబుతుంది. నాలుగుసార్లు ఆ గీత చూసిన పిల్ల ఐదోసారి సొంతంగా రాయడం మానేసి, పుస్తకంలో ఉన్నది దించడం మొదలుపెడుతుంది. అప్పుడు అదే టీచర్ "వీళ్ళకి సొంతగా రాయడం రాదు" అంటారు. పుస్తక భాష నేర్పకూడదని కాదు, తప్పకుండా నేర్పాలి. "మన ఊళ్ళో పోయిండు అంటాం, పుస్తకంలో వెళ్లాడు అని రాస్తారు" అని రెండూ పక్కపక్కన బోర్డు మీద పెడితే ఒక మాట పోకుండా ఇంకో మాట వస్తుంది. టీచర్‌కి తన భాష ఏ ప్రాంతానిదో, దాన్ని తాను ఎందుకు 'మామూలు తెలుగు' అనుకుంటున్నారో ఒకసారి ఆలోచిస్తే తప్ప ఆ బోర్డు వేయాలని తోచదు.

తెలుగే ఇంటి భాష కాని పిల్లల సంగతి ఇంకా లోతుగా చూడాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2000ల దశకంలో గోండి, కొలామి, కోయ, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో మాతృభాష ఆధారిత బహుభాషా విద్య మొదలైంది. తెలుగు లిపిలోనే ఆ భాషల వాచకాలు వచ్చాయి. మంచి పని. బడిలో మాత్రం ఈ ఎనిమిదింటినీ కలిపి 'గిరిజన భాష' అని ఒకే సంచిలో వేసే అలవాటు ఉంది. గోండి తెలుగులాగే ద్రావిడ భాష. అందులో రెండు, మూడు, నాలుగులకు వాడే మాటలు తెలుగు మాటలకు దగ్గరగా వినపడతాయి. బంజారా (లంబాడీ) ఉత్తరాది భాషల కుటుంబానిది. సవర ముండా కుటుంబానిది, తెలుగుతో దానికి చుట్టరికమే లేదు. గోండి మాట్లాడే ఉట్నూరు ఏజెన్సీలో పనిచేసిన పద్ధతి సవర మాట్లాడే సీతంపేటలో పనిచేయకపోతే తప్పు పిల్లలది కాదు.

సవర సంప్రదాయ లెక్కింపు చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది. పన్నెండు దాకా అంకెలకు విడివిడి పేర్లున్నాయి. పదమూడుని 'పన్నెండూ ఒకటి' అంటారు, పంతొమ్మిదిని 'పన్నెండూ ఏడు' అంటారు. ఇరవైకి మళ్ళీ వేరే పేరు. అక్కణ్ణుంచి లెక్క ఇరవైల్లో నడుస్తుంది. ఆ లెక్కన 52 అంటే ఐదు పదులూ రెండూ కాదు, రెండు ఇరవైలూ పన్నెండూ. 27 అంటే ఒక ఇరవై, ఏడు. ఇప్పుడు ఇందాకటి లెక్క మళ్ళీ చేయండి. రెండు ఇరవైల్లోంచి ఒక ఇరవై పోతే ఒక ఇరవై. పన్నెండులోంచి ఏడు పోతే ఐదు. ఇరవై ఐదు. అప్పు తీసుకోవాల్సిన పనే రాలేదు. బడిలో రెండు వారాలు చెప్పినా అర్థం కాని లెక్క ఆ ఇంట్లో అవ్వ నోట ఒక్క ఊపిరిలో అయిపోతుంది. ఈ కాలం పిల్లల్లో చాలామంది తెలుగు అంకెలకే అలవాటు పడి ఉండొచ్చు. అయినా సంతలో, ఇంట్లో పెద్దల దగ్గర విన్న లెక్క ఒకటి, బడిలో రాసే లెక్క ఒకటి అయినప్పుడు పిల్ల మనసులో ఏం జరుగుతోందో అడగాలి. శిక్షణ మాడ్యూల్‌లో ఇది దొరకదు, ఆ ఇంటి గడప దగ్గరే దొరుకుతుంది.

గడప దగ్గర నేర్చుకున్న టీచర్ ఒకరు మనకు ఉన్నారు. గిడుగు రామమూర్తిని వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకోవడానికి కారకుడిగా గుర్తుపెట్టుకున్నాం. ఆయన మొదట, ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో బడిపంతులు. చుట్టుపక్కల కొండల మీద సవరలు ఉన్నారు. వాళ్ళకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ళ భాష తనకు రావాలని ఆయనకు అనిపించింది. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. వాచకాలు రాశారు, బడులు పెట్టించారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది, నిఘంటువు 1938లో వచ్చింది. దశాబ్దాల పని అది. పిల్లలు మాట్లాడే భాషకూ పుస్తకంలో ఉండే భాషకూ మధ్య దూరం ఎంత బాధ పెడుతుందో సవరల దగ్గర చూసిన టీచర్ తర్వాత తెలుగు పిల్లల కోసం కూడా అదే పోరాటం చేశారంటే ఆశ్చర్యం లేదు. నిరంతర వృత్తి వికాసం అనే మాట పుట్టకముందే ఒక తెలుగు టీచర్ చేసి చూపించిన పని ఇది. ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో ఆయన ఫోటోకి దండ వేస్తున్నాం. ఆయన నేర్చుకున్న పద్ధతిని ఒక పీరియడ్ పాటైనా చర్చిస్తే బాగుండు.

క్లాసులో టీచర్‌కి తనకు తెలియకుండానే జరిగిపోయే విషయాలు కొన్ని ఉంటాయి. ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారనేది అందులో ఒకటి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల రికార్డింగులు విని చూస్తే, టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడని పిల్లలు మాట్లాడారు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల సంగతి ఆలోచించండి. తెలుగులో ప్రశ్న విని, కోయలో అర్థం చేసుకుని, జవాబు వెతుక్కుని, మళ్ళీ తెలుగులోకి తెచ్చుకోవాలి. ఇప్పుడు తెలంగాణలో 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం కూడా మొదలైంది. ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్‌గా పుస్తకాలు వచ్చాయి. కోయ పిల్లకు ఇంకో మెట్టు పెరిగింది. ఆ పిల్లకు ఒక్క సెకను ఇస్తే నోరు తెరవకముందే ముందు బెంచీలోంచి జవాబు వచ్చేస్తుంది. టీచర్ దృష్టిలో ఆ పిల్ల 'మందకొడి' అయిపోతుంది. నిజానికి అందరికంటే ఎక్కువ పని చేసింది ఆ పిల్ల బుర్రే.

రెండోది ఇంకాస్త ఇబ్బంది పెట్టే విషయం. ఒక పీరియడ్‌లో టీచర్ ఎవరెవరిని పేరు పెట్టి పిలిచారు? ఎవరిని ప్రశ్న అడిగారు, ఎవరిని బోర్డు దగ్గరికి పిలిచారు, ఎవరిని నీళ్ళు తెమ్మన్నారు, ఎవరిని గది ఊడవమన్నారు? హాజరు పట్టీలో పేర్ల పక్కన వారం రోజులు చుక్కలు పెట్టుకుంటే చాలు. చుక్కలు ముందు బెంచీల దగ్గర కుప్పపడతాయి. ప్రశ్నల చుక్కలు ఒక వీధి పిల్లలకూ, పనుల చుక్కలు ఇంకో వీధి పిల్లలకూ పడుతున్నాయేమో కూడా అందులోనే తేలుతుంది. ఊడ్చే పని ఆడపిల్లలకే పడుతోందా, మైకు పట్టుకునే పని మగపిల్లలకేనా అన్నదీ తేలుతుంది. తెలుగు ఊళ్ళల్లో కులం బడి గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి రాదు. టీచర్ ఏ కులం వారైనా, ఎంత మంచివారైనా, ఊరు నేర్పిన అలవాటు చేతిలో ఉండిపోతుంది. "నా క్లాసులో అందరూ సమానమే" అనడం తేలిక. ఆ చుక్కలు లెక్కపెట్టడం కష్టం. అయినా లెక్కపెట్టాలి. చిన్నప్పుడు ఒక్కసారి కూడా బోర్డు దగ్గరికి పిలవని పిల్లకు ఆ సంగతి జీవితాంతం గుర్తుంటుంది.

వైకల్యం ఉన్న పిల్లల విషయంలో టీచర్ ఒక్కరే అన్నీ చేయలేరు, చేయాల్సిన అవసరమూ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చదవడంలో, రాయడంలో ప్రత్యేకంగా వచ్చే ఇబ్బందులు కూడా అందులో ఉన్నాయి. మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి, వాటిలో ప్రత్యేక శిక్షణ పొందిన రిసోర్స్ పర్సన్లు ఉన్నారు. వాళ్ళ దగ్గరికి పిల్లను పంపాలని మొదట అనుమానం రావాల్సింది మాత్రం క్లాస్ టీచర్‌కే. పిలిస్తే పలకని పిల్లవాడు పొగరుతో పలకట్లేదా, వినపడక పలకట్లేదా? ఎడమ పక్క నుంచి పిలిస్తే పలుకుతున్నాడా? బోర్డు మీద రాసింది తప్పుగా దించేవాడు పక్కవాడి నోట్‌బుక్‌లోంచి సరిగ్గా దించుతున్నాడా? ఇలాంటి చిన్న పరీక్షలు చేయడానికి డాక్టర్ చదువు అక్కర్లేదు. "వీడింతే" అని తేల్చేసే ముందు ఇంకొక్కసారి చూసే అలవాటు కావాలి, అంతే.

ఇంత గమనించడం టీచర్‌కి ఎక్కడ నేర్పుతున్నారు? వ్యవస్థలకు కొదవ లేదు. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాల్లో టీచర్లకు శిక్షణ ఇచ్చే డైట్ కళాశాలలు వచ్చాయి. 1980ల్లోనే బ్రిటన్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచింది. ఆ పథకం ఆరు బోధనా సూత్రాల్లో పిల్లల మధ్య తేడాలకు తగ్గట్టు చెప్పాలనేది ఒకటి, పిల్లలు చేసిన వాటిని గోడల మీద ప్రదర్శించాలనేది ఇంకొకటి. దగ్గర దగ్గర బడుల టీచర్లు కలిసి కూర్చోవడానికి టీచర్స్ సెంటర్లు పెట్టింది కూడా ఆ పథకమే. 2019లో కేంద్రం టీచర్ల కోసం తెచ్చిన నిష్ఠ శిక్షణ వచ్చింది, కోవిడ్ కాలంలో అది దీక్ష అనే ఆన్‌లైన్ పోర్టల్‌లోకి మారింది. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరూ ఏడాదికి 50 గంటలు వృత్తి వికాసానికి కేటాయించాలంది.

లోపం శిక్షణ వచ్చే దిశలో ఉంది. రాష్ట్ర స్థాయిలో కొందరికి చెబుతారు, వాళ్ళు జిల్లా వాళ్ళకు, జిల్లా వాళ్ళు మండల రిసోర్స్ పర్సన్లకు, వాళ్ళు టీచర్లకు. నీళ్ళ కాలువలాగే ఇది కూడా చివరి పొలానికి వచ్చేసరికి సన్నబడుతుంది. కాలువ ఎప్పుడూ పై నుంచి కిందికే. సీతంపేట బడిలో పుట్టిన ప్రశ్న ఒకటి హైదరాబాద్‌కో అమరావతికో ఎక్కి వెళ్ళే దారి లేదు. ఆన్‌లైన్ కోర్సుల్లో వీడియో చూసి, చివర్లో క్విజ్ రాసి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటే గంటలు లెక్కలోకి వస్తాయి. 52లోంచి 27 తీసేస్తే 35 వేసిన పిల్ల ఆ గంటల్లో ఎక్కడా లేదు.

ఇప్పుడు పరీక్ష కూడా తోడైంది. సర్వీసు ఐదేళ్ల కంటే ఎక్కువ మిగిలి ఉన్న టీచర్లు రెండేళ్లలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) పాస్ కావాలని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. టీచర్‌కి కనీస అర్హత ఉండాలనడంలో తప్పేమీ లేదు. పాతికేళ్లు పాఠాలు చెప్పిన వాళ్ళు ఇప్పుడు గైడ్లు కొనుక్కుని, సాయంత్రాలు బిట్లు చదువుకుంటూ టెన్షన్ పడుతున్నారు. ఆ సాయంత్రాల్లో పిల్లల నోట్‌బుక్కులు మూసే ఉంటాయి. డ్యూయీ ఏమన్నారో నాలుగు ఆప్షన్లలోంచి గుర్తుపట్టడం వేరు, ఆయన చెప్పిన పని చేయడం వేరు.

కింది నుంచి మొదలైన ఉదాహరణ మన దగ్గరే ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపింది. ఒకే టీచర్, ఒకే గది, అన్ని వయసుల పిల్లలు. అక్కడ పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా వరుస పెట్టారు. పిల్లలు ఎవరి మెట్టు మీద వాళ్ళు ఉంటారు. పది రోజులు బడికి రాని పిల్ల తిరిగొస్తే పాఠం దాటిపోయి ఉండదు, తను ఆగిన కార్డు దగ్గరే మొదలుపెడుతుంది. మిరపకోతలకు వెళ్లి వచ్చే పిల్లకు ఇంతకంటే ఏం కావాలి? కార్డు పిల్లలకు అర్థం కాకపోతే మార్చాల్సింది కార్డునే. 1995లో మైసూరు దగ్గర హెగ్గడదేవనకోటె టీచర్లు కొందరు వచ్చి ఈ బడులు చూసి వెళ్ళి, తమ కన్నడ పిల్లలకు తగ్గట్టు తామే కార్డులు తయారు చేసుకున్నారు. కర్ణాటకలో 'నలి కలి' అలా మొదలైంది. టీచర్లే చూసి, టీచర్లే మార్చుకున్నారు కాబట్టి అది నిలబడింది. అదే పద్ధతిని ఆర్డర్ కాపీతో పంపించిన చోట్ల కార్డులు బీరువాల్లో ఉండిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

జపాన్ టీచర్లు ఏళ్ల తరబడి చేస్తున్న పద్ధతి, దగ్గర దగ్గర బడుల టీచర్లు కలిసే మన కాంప్లెక్స్ మీటింగులకు సరిగ్గా సరిపోతుంది. నలుగురైదుగురు టీచర్లు కలిసి ఒక పాఠం తయారు చేస్తారు. ఒకరు నిజమైన పిల్లలకు చెబుతారు, మిగతావాళ్ళు గదిలో నిలబడి చూస్తారు. చూసేది టీచర్‌ని కాదు, పిల్లల్ని. ఏ పిల్ల ఎక్కడ ఆగింది, పక్క పిల్లతో ఏం మాట్లాడింది, ఏం రాసి చెరిపేసింది అన్నవి రాసుకుంటారు. తర్వాత కూర్చుని వాటి మీద మాట్లాడతారు. మన కాంప్లెక్స్ మీటింగుల్లోనూ మోడల్ లెసన్ ఉంటుంది. చాలాచోట్ల అది టీచర్ల ముందు టీచర్ చేసే ప్రదర్శన. చివర్లో చప్పట్లు, టీ, మినిట్స్ బుక్‌లో సంతకాలు. అదే సమావేశానికి ఒక్కో టీచర్ తమ బడి నుంచి ఒకే ఒక్క తప్పు జవాబు ఉన్న నోట్‌బుక్ పేజీ, పిల్ల పేరు లేకుండా తెస్తే, గంటసేపు దాని మీదే మాట్లాడుకుంటే, దానికి ఒక్క రూపాయి బడ్జెట్ అక్కర్లేదు. పక్క బడిలో కూడా అదే తప్పు ఉందని తెలిసినప్పుడు టీచర్‌కి కలిగే ఊరట చిన్నది కాదు. "నాకొక్కదానికే రావట్లేదు" అనే సిగ్గు పోయాక అసలు మాట మొదలవుతుంది.

దీనికి టైమ్ కావాలి. యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు, ఫోటోల అప్‌లోడ్, ఎన్నికల డ్యూటీ, సర్వేలు. 2024 నవంబరులో తెలంగాణ ఇంటింటి సర్వేకి ప్రాథమిక పాఠశాలలు ఒంటిపూట నడిపి టీచర్లను పంపారు. టీచర్ రోజులో ఖాళీ అనేది ఎవరూ ఇవ్వరు, ఉన్నది కూడా తీసుకుంటారు. వారానికి ఒక్క పీరియడ్, సగం గంటైనా సరే, నోట్‌బుక్కులు చూసి ఆలోచించడానికని టైమ్‌టేబుల్‌లో రాసి, ఆ టైమ్‌లో ఏ రిపోర్టూ అడగకూడదని ఎంఈఓలు అనుకుంటే చాలు. దాంతోపాటు ఇంకొక్క మార్పు జరగాలి. ఆ చివరి కాలమ్‌ని తనిఖీ నుంచి తప్పించాలి. అధికారి చూడాల్సింది కాలమ్ నిండిందా లేదా అని కాదు. చూడాలనుకుంటే టీచర్‌ని కూర్చోబెట్టుకుని "ఈ నెల మీకు అర్థం కాని పిల్ల ఎవరు?" అని అడగాలి. జవాబు ఉన్న టీచర్ నేర్చుకుంటున్నారు. ఆ ప్రశ్నకు భయం లేకుండా జవాబు చెప్పగలిగే మండలంలో కాలమ్ ఎలా ఉంటుందంటే, ఒక రోజు రాత ఇలా ఉండొచ్చు:

"మూడో తరగతి, తీసివేత. 52 నుంచి 27. తొమ్మిది మందిలో ఐదుగురు 35 వేశారు. పోయినేడు 'పెద్దదాంట్లోంచి చిన్నది' అని నేను చెప్పిన మాటే. పుల్లల కట్టలతో మళ్ళీ చేయించాను. ముగ్గురు కట్ట విప్పారు. ఒకడు విప్పాడు గానీ పలక మీద ఎలా రాయాలో తెలియక ఆగిపోయాడు, రేపు వాడి పక్కన కూర్చోవాలి. కిటికీ దగ్గర కూర్చునే పిల్ల పుల్లలు ముట్టుకోలేదు. నోటితో ఇరవై ఐదు అని చెప్పింది, పలక మీద మాత్రం 35 వేసింది. ఎలా చేశావంటే నవ్వింది, చెప్పలేదు. ఇంట్లో వాళ్ళ అవ్వ ఎలా లెక్కపెడుతుందో ఆదివారం సంతలో కలిసినప్పుడు అడగాలి."